చౌక విమానయానము

చౌక యను మాట మన యిండ్లలో రెండు విధములుగా వినబడును. సంతలో వంకాయలు చౌకగా దొరికినవన్నచో నది సంతోషవార్త. పెండ్లివారు పెట్టిన చీర చౌకరకమన్నచో నది నింద. నేడు మన దేశములో ఆకాశమార్గమున ఊరినుండి యూరికి బోవువారిలో నెక్కువమంది చౌకధర విమానములలోనే ప్రయాణించుచున్నారు. ఈ చౌకదనము వంకాయల జాతికి జెందినదా, చీర జాతికి జెందినదా యని యోచింపవలసిన యవసరము గడచిన దసరా సెలవులలో మాకు గలిగినది. రాజమహేంద్రవరమునుండి హైదరాబాదునకు మేమట్టి విమానమున బోయితిమి. తిరిగి వచ్చినది మొదలు ఇరుగుపొరుగు సోదరీమణు లడుగు ప్రశ్నలకు వేరువేరుగా బదులు చెప్పుటకంటె నిట్లు వ్రాయుట మేలని తోచినది.

విమానము తెలుగుదేశమునకు క్రొత్త వస్తువు గాదు. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు కరాచీనుండి బొంబాయికి తపాలా సంచులతో విమానము నడపుటతో మన దేశమున నీ వాణిజ్యము మొదలైనది. 1945లో నైజాము ప్రభుత్వమును టాటాలును కలిసి బేగంపేట కేంద్రముగా డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను నెలకొల్పిరి. 1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసినప్పు డది ఇండియన్ ఎయిర్‌లైన్సులో గలిసిపోయినది. అటుపై చాలకాలము విమానమనగా మంత్రులకును, గొప్ప వర్తకులకును, విదేశములందు బిడ్డలున్న వారికిని సంబంధించిన వస్తువే గాని బడిపంతుళ్ల కుటుంబములకు సంబంధించినది గాకుండెను. 2003లో కెప్టెన్ జి. ఆర్. గోపీనాథుగారు బెంగుళూరున ఎయిర్ డెక్కను నారంభించి, రైలు మొదటి తరగతిలో బోవువారిని విమానమెక్కింతునని బయలుదేరిరి. ఆ సంస్థ 2008లో కింగ్‌ఫిషరులో లీనమైనది. పిమ్మట కింగ్‌ఫిషరును మూతబడినది. అయినను ఆయన చూపిన మార్గము నిలిచినది. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో ఆ మార్గముననే వచ్చినవి.

ఈ మార్గమునకు మూలము అమెరికాలో టెక్సాసు రాష్ట్రము. అచ్చట 1971లో సౌత్‌వెస్టు అను సంస్థ మొదలుపెట్టిన పద్ధతులే నేడు లోకమంతట వ్యాపించినవి. ఆ పద్ధతులు పొదుపెరిగిన గృహిణులకు బోధింప నక్కరలేదు. విమానములన్నియు సాధ్యమైనంతవర కొకే జాతివి కొనుట. అట్లైనచో మరమ్మతు సామగ్రియు, పనివారి శిక్షణయు నొక్కటియే చాలును. గొప్పవారి కొక అర, సామాన్యుల కొక అర యని విభజింపక యందరికి నొకే తీరు సీట్లు వేయుట. భోజనము, కోరిన సీటు, అధికమైన సామాను, ఇవన్నియు టిక్కెట్టునుండి విడదీసి వేరువేరుగా నమ్ముట తరువాతి సంస్థలు చేర్చిన పద్ధతి. అన్నిటికంటె ముఖ్యము, విమానమునకు విశ్రాంతి నీయకుండుట. నేలపై నిలిచినంతసేపు విమానము ఖర్చు తెచ్చును. గాలిలో నున్నంతసేపే రాబడి తెచ్చును. కనుక దిగినవారు దిగుచుండగనే లోపల తుడిచి, అరగంటలో మరల నెగిరింతురు.

ఇక మా ప్రయాణపు మాట. దసరా సెలవులలో నొక యుదయమున ఎనిమిది గంటలకు సికింద్రాబాదునుండి ఫోను వచ్చినది. మా ఆడుబిడ్డకు గుండె రక్తనాళములు మూసుకొనిపోయినవనియు, మరునాటి యుదయ మేడు గంటలకే శస్త్రచికిత్స చేయవలెననియు వైద్యులు చెప్పిరట. మా అత్తగారికి డెబ్బదియా రేండ్లు. ఆమె విని కంట తడి పెట్టలేదు. "దానిని లోపలికి తీసికొనిపోకముందు నా చేయి దాని తలమీద పడవలె. అంతకంటె నాకేమియు వద్దు నాయనా" అని కుమారునితో నొక్కమాట యనిరి. ఆ మాటకు మారుమాట లేదు.

పండుగ రోజులగుటచే రైళ్లలో సీట్లు లేవు. ఉన్నను రాత్రి రైలు సికింద్రాబాదు చేరుసరికి తెల్లవారును. బస్సులో రాత్రియంతయు గూర్చుండుటకు ఆమె మోకాళ్లు సహింపవు. మావారు ఫోనులో వెదకి, మధ్యాహ్నము రెండున్నరకు మధురపూడి విమానాశ్రయమునుండి బయలుదేరు చౌక విమానమున మూడు సీట్లున్నవనిరి. వెల సీటొక్కింటికి 5,480 రూపాయలు, మువ్వురకు 16,440. అదే విమానమున మూడు వారములకు తరువాతి తేదీని జూచిన, సీటు 2,350 రూపాయలే. రైలులో పడక టిక్కెట్టుకైనచో మేమిచ్చినదానిలో పదవవంతు చాలును.

సోదరీమణు లిచ్చట నొక్క విషయము గమనింపవలెను. విమానపు సీటునకు నిశ్చితమైన వెల లేదు. మొదట కొన్ని సీట్లు తక్కువ ధరకు బెట్టుదురు. అవి యమ్ముడైన కొలది తరువాతివాని వెల పెంచుదురు. పండుగలును, సెలవులును వచ్చిన నింకను బెంచుదురు. నెల ముందు కొనువాడు విహారమునకో, వివాహమునకో పోవువాడు. ఈ పూట కొని యీ పూటయే యెక్కువా డేదో కష్టమువచ్చి పోవువాడు. కనుక చౌకదనము తీరుబడిగలవారి పాలబడుచున్నది. ఆపదలో నున్నవారు దాని వెలను నింపుచున్నారు. ప్రభుత్వము 2016లో ప్రకటించిన ఉడాన్ పథకముక్రింద గంట ప్రయాణమునకు సుమారు 2,500 రూపాయలు మించకుండ సగము సీట్లమ్మవలెనని నియమము పెట్టిరి. 2017 ఏప్రిల్ 27న ఆ పథకమున నారంభమైన మొదటి మార్గములలో కడప–హైదరాబాదు మార్గ మొకటి. అది మంచి యేర్పాటే. కాని యాసీట్లును ముందు మేల్కొన్నవారికే దక్కును.

టిక్కెట్లు కొన్న పిమ్మట మూడు సీట్లును మూడు చోట్ల బడినవి. ప్రక్కప్రక్కన గావలెనన్నచో ఒక్కొక్క సీటునకు మరల రుసుము. పండ్రెండేండ్లలోపు బిడ్డను తల్లి ప్రక్కనో తండ్రి ప్రక్కనో గూర్చుండబెట్టవలెనని పౌరవిమానయాన శాఖాధికారులు 2024లో ఉత్తరువు చేసియున్నారు. ఆ ఉత్తరువున ముసలితల్లుల ప్రసక్తి లేదు. మావారు రుసుము చెల్లించుటకు సిద్ధపడగా అత్తగారు వారించిరి. "బస్సులో నడిగితే జరుగుతారు, గాలిలో జరుగరా?" అని ఆమె యనిరి. ఆమె మాటయే నిజమైనది. లోపలి కెక్కిన తరువాత నొక కుర్రవాడు అడిగినంతనే లేచి తన సీటు నిచ్చెను.

సామాను విషయమున దలచుకొనవలసినవి కొన్ని కలవు. సాధారణముగా లోపలికి దీసికొనిపోవు సంచి ఏడు కిలోలు, విమానపు గర్భమున వేయించు పెట్టె పదునైదు కిలోలు మించరాదు. మించినచో కిలో కింతయని వసూలు చేయుదురు. ఊరగాయను చేతిసంచిలో బెట్టిన తనిఖీవారు సాధారణముగా లోనికి రానీయరు. జాడీ మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి పెట్టెలోనే వేయవలెను. ఎండుకొబ్బరి చమురు గలదగుటచే నిప్పంటుకొనునని ఎందులోను బోనీయరు. అగ్గిపెట్టెయు నంతే. కత్తిపీట, కత్తెర వంటివి పెట్టెలోనికే. ఫోనునకు విద్యుత్తు నిచ్చు పవర్‌బ్యాంకు మాత్రము పెట్టెలో బెట్టరాదు, చేతిసంచిలోనే యుండవలెను. మందులును, వైద్యుని చీటీయు, పెద్దల గుర్తింపుకార్డును చేతిసంచిలోనుండుట క్షేమము. మేము బయలుదేరుటకు ముందే యివన్నియు విచారించి సర్దితిమి గాని, మా ముందున్న యొక పెద్దావిడ తన మనుమనికై మోసికొనివచ్చిన మాగాయ సీసా తనిఖీబల్లపై నుండిపోయినది. ఆమె వెనుదిరిగి దానిని జూచిన చూపు మేమింకను మరువలేదు.

మధురపూడి విమానాశ్రయము రాజమహేంద్రవరమునుండి కోరుకొండ వైపు బోవు దారిలోనున్నది. చుట్టును పచ్చని పొలములు. అత్తగారి కొరకు చక్రాల కుర్చీ నడిగితిమి. నడువలేని పెద్దల కది యడిగినచో నిత్తురు. ముందుగా జెప్పియుంచుట మంచిది. దానిని జూచి యామె "నాకు కాళ్లు లేవా?" అని మొదట విసుగుకొన్నను, లోపలి దూరమును జూచి మారు పలుకక కూర్చుండిరి.

రెండున్నర విమానము మొదట మూడుంబావు అనిరి. తరువాత నాలుగనిరి. ఆ తరువాత నయిదనిరి. కారణము విమానము వెనుకటి యూరినుండి రాలేదట. ఇదియు చౌకదనములోని భాగమే. ఒకే విమానము తెల్లవారినది మొదలు ఊరూరు దిరుగుచుండును గనుక, ఉదయమున నొకచోట పొగమంచుచేతనో వానచేతనో అరగంట జాగైనచో ఆ జాగు సాయంకాలమునకు రెండింతలు మూడింతలగును. కాలము దప్పగూడని పని యున్నవారు ఉదయపు తొలి విమానమును గోరుకొనుట మేలని మేమచ్చట నేర్చికొంటిమి.

ఆ రెండుమూడు గంటలు గడచిన తీరు వ్రాయుట కష్టము. తెరపై సమయము మారినప్పుడెల్ల మావారు లేచి నిలుచుండుటయు, మరల గూర్చుండుటయు. అత్తగారు కన్నులు మూసికొని విష్ణుసహస్రనామము చదువుకొనుచుండిరి. పెదవులు మాత్రము కదలుచుండెను. రాత్రి దర్శనవేళ దాటిన తరువాత వైద్యశాలవారు లోనికి బోనిత్తురో లేదో యని మాలో మేమే లెక్కలు వేసికొనుచుంటిమి గాని పైకి చెప్పలేదు.

ఇంత చిన్న ప్రయాణమునకు రెండు గంటలకు మించి యాలస్యమైనచో, వేచియున్న ప్రయాణికులకు ఫలాహారము సంస్థవారే యుచితముగా నీయవలెనని ప్రభుత్వ నియమ మున్నది. ఆరు గంటలు మించినచో వేరు విమానమో, చెల్లించిన సొమ్మో యీయవలెను. ఈ నియమమును మావారు తరగతిలో పాఠము చెప్పినట్లు నిదానముగా బల్లవద్దనున్న బాలికకు వినిపించిరి. ఆ పిల్ల కిరువది రెండేండ్లుండును. "పైవారి నడిగి చెప్పెదను సార్" అని లోపలికి బోయి యెంతకును రాలేదు. ఎనమండుగురు చుట్టుముట్టి కేకలు వేసిన పిమ్మట అట్టపెట్టెలు వచ్చినవి. రొట్టెముక్కయు, పండ్లరసమును. అత్తగారు బయటి తిండి ముట్టరు గనుక మేము తెచ్చిన పులిహోరయే పెట్టితిమి. ఆమె రెండు ముద్దలు తిని, డబ్బా మూత బెట్టి, ఆ బాలికను జేసన్నచే పిలిచిరి. "అమ్మాయీ, నీవు తిన్నావా?" అనగా ఆ పిల్ల తెల్లవారుజామున నాలుగింటికి వచ్చితిననియు, ఇంకను తినలేదనియు జెప్పినది. అప్పటివరకు దానిపై మాకున్న కోప మెట్లు పోయినదో తెలియదు. ఆ పిల్ల నిలువుగాళ్లపై పులిహోర తినుచు, "మా నాయనమ్మ చేసినట్లే యున్నదండీ" యన్నది. ఆలస్యము చేసినవారు వేరు, మాటలు పడువారు వేరు.

ఎట్టకేల కయిదు గంటలకు విమానమెక్కితిమి. అది ఏ.టి.ఆర్. జాతిది. ఫ్రాన్సు, ఇటలీ దేశములవారు కలిసి నిర్మించునది. ప్రక్క కొక్కటి చొప్పున రెండు పంకాలు దిరుగును. ఎక్కుట వెనుక తలుపునుండి. మెట్లైదారు మించవు. లోపల డెబ్బదికి పైగా సీట్లు, నడుమ దారి, దారి కిరుప్రక్కల రెండేసి. రెక్కలు కిటికీలకు పైన నుండుటచే క్రిందిభూమి యడ్డము లేకుండ గనబడును. అత్తగారు చుట్టును జూచి "ఇది మన కాకినాడ బస్సే" యని తేల్చిరి.

తలుపులు మూసిన పిమ్మట విమానము నడపు వారి కంఠము వినబడినది. అది స్త్రీ కంఠము. ఆలస్యమునకు మన్నింపుమని కోరి, ఎంతయెత్తున, ఎంతసేపు ప్రయాణింతుమో జెప్పినది. అత్తగారు మా ముఖము చూచిరి. "ఆడపిల్లయే నడుపుచున్నదా?" అనిరి. ఔనంటిమి. మన దేశమున విమానచోదకులలో నూటికి సుమారు పదునైదుగురు స్త్రీలు. లోకములో నింత యెక్కువ భాగము గల దేశములు మిక్కిలి యరుదు. సరళా థక్రాల్‌గారు 1936లోనే చీర గట్టుకొని చిన్న విమానమును నడపిరి. 1947లో వాణిజ్య విమానచోదకురాలిగా అనుమతి పొందిన ప్రేమ్ మాథుర్‌గారికి ఉద్యోగమిచ్చినది పైన జెప్పిన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేసే. ఈ సంగతులు చెప్పగా విని అత్తగారు కొంగు సర్దుకొని నిటారుగా గూర్చుండిరి. భయము తగ్గినదో, గౌరవము పెరిగినదో!

విమానము పైకి లేచి ఒరిగినప్పుడు గోదావరి కనబడినది. పుట్టినది మొదలు మేమా నదిని ఒడ్డుననుండియు, వంతెనపైనుండియు జూచినవారమే. 1974లో రైలుకును రోడ్డుకును కలిపి కట్టిన వంతెనపై నెన్నిమార్లు బోయితిమో లెక్కలేదు. పైనుండి చూచిన నా వంతెన నీటిపై బరచిన యొక దారమువలె నుండెను. ఇసుకతిన్నెలును, లంకలును, ధవళేశ్వరమువద్ద కాటన్ దొరగారి యానకట్ట దిగువను పాయలు చీలిన తీరును చిన్ననాటి భూగోళ పటమున రంగులు వేసినట్లే తోచెను. ఆనకట్ట 1852లో పూర్తి కాకమున్ను ఈ పచ్చదనమంత యిచ్చట లేదుగదా! ఉత్తరమున పాపికొండలు పొగవలె నుండెను.

కాళిదాసు రఘువంశము పదుమూడవ సర్గలో చాలభాగము పుష్పకమునుండి చూచిన దృశ్యములే. రాముడు సీతకు సముద్రమును, తాము తిరిగిన చోట్లను చూపుచు, ఈ గోదావరినిగూడ చూపును. చిన్నతనమున మా తండ్రిగారివద్ద దానిని జదివినప్పుడు, ఎన్నడు నాకాశమెక్కని కవి క్రిందికి జూచినవానివలె నెట్లు వ్రాసెనని యాశ్చర్యపడెడివారము. ఇప్పు డా యాశ్చర్యము రెట్టింపైనది. పుష్పకమున కొక మహిమ యున్నదని పెద్దలు చెప్పుదురు: ఎంద రెక్కినను ఇంకొకరికి చోటుండునట. మా విమానమున కా మహిమ లేదు గాని, దాని వలెనే అన్ని తరగతులవారిని నెక్కించుకొన్నది. మా వరుసలో నొక తాపీమేస్త్రి, ఒక కళాశాల విద్యార్థిని, చంటిబిడ్డతో నొక యిల్లాలు నుండిరి. తాపీమేస్త్రి గల్ఫుదేశమునకు బోవుటకు హైదరాబాదు చేరవలసినవాడు. ఇరువది యేండ్ల క్రింద వీరిని మమ్మును గూడ నీ సీట్లలో నూహింపగలిగెడివారు గారు.

పడమటికి బోవుచుంటిమి గనుక సూర్యుడు గ్రుంకుటకు తొందరపడలేదు. నేలపై చీకటులు కమ్మినను మా కిటికీలో చాలసేపు ఎరుపుండెను. బండి త్రోసికొనివచ్చిన పిల్ల తేనీరు, ఉప్మా యమ్మినది. ఉప్మా యనగా కాగితపు గిన్నెలోని పొడిపై వేడినీళ్లు పోసి మూయుటయే. దాని వెల విని అత్తగారు "మన రవ్వ బస్తా వెల" యనిరి. చుట్టునున్నవారు నవ్విరి; ఆమెయు నవ్విరి. ఆ రోజున ఆమె ముఖమున నవ్వు మే మదియే చూచితిమి.

ఆరు దాటిన తరువాత శంషాబాదున దిగితిమి. 2008 మార్చిలో బేగంపేటనుండి ప్రయాణికుల విమానములన్నియు నిచ్చటికి మారినవి. పెట్టెలు చేతికి వచ్చిన పిదప, ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులో సికింద్రాబాదు చేరుటకు గంటకు పైగా పట్టినది. వైద్యశాల చేరుసరికి దర్శనవేళ దాటినది. కాపరి లోనికి బోరాదనెను. మావారు చెప్పిన మాటలేవియు వానికి పట్టలేదు. అంతట లోపలినుండి వచ్చిన నర్సమ్మ యొకతె అత్తగారిని జూచి, "అమ్మగా రొక్కరే, అయిదు నిముషములు" అని వెంటబెట్టుకొని పోయినది. మేము బయటి బల్లపై గూర్చుంటిమి. ఆమె తిరిగివచ్చి మా ప్రక్కన గూర్చుండి, తన కుడిచేతిని ఒడిలో బెట్టుకొని చాలసేపు దానినే చూచుకొనుచుండిరి. మేమేమియు నడుగలేదు.

మరునాడు శస్త్రచికిత్స చక్కగా జరిగినది. పదునొకండవ నాడు మా ఆడుబిడ్డ యింటికి వచ్చినది. తిరుగు ప్రయాణము రైలులో. మువ్వురకు కలిపి వేయి రూపాయలైనను గాలేదు.

చౌక విమానము మంచిదా, చెడ్డదా యని యడుగువారికి మేము చెప్పున దిది. అది కాలము నమ్ము నంగడి. దానికడ ఓర్పుండదు, ఆదరణము తక్కువ, ప్రతిదానికి వెల కట్టును. కాని యంగడి తెరచియుండుట మనకు మేలు. అది లేనిచో ఆ రాత్రి మా అత్తగారికి ఆ యయిదు నిముషములు దక్కెడివి గావు. పోవు గృహస్థులు నియమములు దెలిసికొని, తమకు రావలసినదానిని మర్యాదగా నడిగి పుచ్చుకొనవలెను. ముసలివారితో బోవునప్పుడు ఇంటి యన్నము వెంటనుంచుకొనవలెను. సాధ్యమైనచో ముందుగా కొనవలెను.

ఈ చివరి మాట మా అత్తగారికి బాగుగా బట్టినది. మొన్న పంచాంగము ముందిడుకొని కూర్చుండి, మావారిని బిలిచి, "మాఘమాసములో కాశికి పోదాము. హైదరాబాదునుండి విమాన మున్నదట గదా. ఇప్పుడే చూడు నాయనా, తరువాత వెల పెంచుతారు" అనిరి.